కేబులుకు కాపలా

సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి తుడిస్తే చుర్రుమంటుంది. లెడ్డు తీగ ఆనించగానే కరిగి, ఐసీ కాలి చుట్టూ మెరుస్తూ పాకుతుంది. ఫ్లక్సు పొగ నేరుగా మీ ముక్కులోకే వస్తుంది. తల పక్కకు తిప్పుకోవడమే దారి, ఫ్యాను వేస్తే మొన చల్లారిపోతుందని షాపు నడిపే అన్న ఒప్పుకోడు. మీరు కూర్చున్నది కణేకల్‌లో మోటార్లు వైండింగ్ చేసే షాపులో. గోడవారగా కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు నిలబెట్టి ఉన్నాయి. నేల మీద రాగితీగ తునకలు, వార్నిష్ మరకలు. బల్ల మీద మాత్రం అరచేయంత బోర్డు, దాని మీద రెండు 555 ఐసీలు.

బయట చెప్పులు విడిచిన చప్పుడు. తలకు చుట్టిన తువాలు తీసి మొహం తుడుచుకుంటూ ఒక రైతు లోపలికొచ్చి స్టూలు లాక్కుంటాడు.

"ఏమల్లుడూ, అయిందా?"

"యాడయితాది మామా, ఇప్పుడే మొదులుపెట్టినా."

మామ బోరు దగ్గర కేబులు కోసుకుపోయారు. స్టార్టరు డబ్బా నుంచి బోరు దాకా పైన కనిపించే ముక్క మొత్తం పోయింది. ఇది ఈయనొక్కడి కథ కాదు, అనంతపురం జిల్లాలో ఏ మోటారు షాపులో కూర్చున్నా ఇదే మాట చెవిన పడుతుంది. కణేకల్ అంటే బయటివాళ్లకు చెరువు, దాని కింద వరిమళ్లు గుర్తొస్తాయి. తుంగభద్ర డ్యాము నుంచి వచ్చే హెచ్చెల్సీ కాలువ పుణ్యం అది. కాలువ నీళ్లు ఎక్కని మెట్ట మాత్రం మిగతా జిల్లాలాగే ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ నమ్మకం లేని వాన, కింద వందల అడుగుల లోతు బోరు. మామ పొలం ఆ మెట్టలోనే.

పొలాలకు త్రీఫేజు కరెంటు పగటిపూట వస్తోంది. రైతుకు మేలే, అర్ధరాత్రి చీకట్లో పాముల నడుమ పోయి స్టార్టరు నొక్కే బాధ తప్పింది. దొంగకు అంతకంటే మేలు. రాత్రి లైను చచ్చి ఉంటుంది గనక కట్టరు పెట్టేవాడికి షాకు భయం లేదు, పొలంలో మనిషి కాపలా లేదు. కోసిన కేబులును ఎక్కడో కాలిస్తే పైతొడుగు పోయి రాగి మిగులుతుంది, దాన్ని పాత ఇనుపసామాన్ల లెక్కలో కిలోల కింద అమ్మేస్తారు. వాడికి దక్కేది కొంచెం. మామకు పోయేది కొత్త కేబులు ఖరీదు, దాంతోపాటు కేబులు వచ్చేదాకా తప్పిపోయే తడులు. కాయ ఊరే వేళ చెనిక్కాయకు తడి తప్పితే ఏమవుతుందో ఆయన మీకు చెప్పడు. గోడకున్న మోటార్ల వైపు చూసి ఊరుకుంటాడు.

అన్న కడుతున్నది ఇన్‌ఫ్రారెడ్ అలారం. ఒక వైపు నుంచి కంటికి కనిపించని వెలుగు, ఎదురుగా దాన్ని పట్టే కన్ను. నడుమ మనిషి దూరితే వెలుగు తెగుతుంది, హూటరు మోగుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. ఇలాంటి సర్క్యూట్లు పాలిటెక్నిక్ పిల్లలు ఎగ్జిబిషన్ బల్ల మీద పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి బుయ్యిమనిపించి మార్కులు తెచ్చుకుంటారు. ఆ బల్ల మీద ఎండ ఉండదు, గాలి ఉండదు, కుక్క రాదు.

"మోగిచ్చేది సులువు మామా," అంటాడు అన్న, ఇంకో కాలికి లెడ్డు పెడుతూ. "ఊరికూరికే మోగకుండా చేసేదే కష్టం."

"కుక్క పోయినా మోగితే రెండో దినమే పీకి పారేస్తా."

"అదే చెప్తాండా."

బోర్డు వైపు వంగి చూడండి. ఎడమ పక్క 555 కాళ్ల దగ్గర ఒక నానోఫారడ్ కెపాసిటరు, ఒక కిలోఓము రెసిస్టరు, పదిహేను కిలోఓములు, దాని తోకకు అయిదు కిలోఓముల ప్రీసెట్. సన్న స్క్రూడ్రైవరుతో ప్రీసెట్ తిప్పుతుంటే మల్టీమీటరులో అంకెలు జారుతాయి. 41, 39, 38.2. అక్కడ ఆపేస్తాడు. 38 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 38 వేల సార్లు వెలిగి ఆరడం. మన టీవీ రిమోట్లలో చాలావరకు కొట్టుకునేది ఈ వేగంతోనే. ఇంత హడావుడి సూర్యుడి వల్ల. ఎండలో ఇన్‌ఫ్రారెడ్‌కు కొదవలేదు, అయితే అది నిలకడగా కాస్తుంది. సెకనుకు 38 వేల సార్లు కొట్టుకునేదాన్నే లెక్కలోకి తీసుకుని తక్కినదాన్ని వదిలేయమని రిసీవరుకు చెప్పామంటే ఎండ సగం జయించినట్టే. మిగిలిన సగం సాయంత్రం పొలంలో చూస్తారు.

ఈ 555ను హాన్స్ కామెంజిండ్ అనే స్విస్ ఇంజనీరు 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం డిజైన్ చేశాడు. అర్ధశతాబ్దం దాటినా ఇంకా ప్రతి చిన్న ఊరి రిపేరు షాపు సొరుగులో దొరుకుతుందంటే, చిప్పుల లోకంలో అంతటి దీర్ఘాయువు అరుదు.

రిసీవరు పేరు టీసాప్ 1738. మూడు కాళ్ల నల్లటి గుళిక, ముందు చిన్న బుడిపె. "దీని కాళ్ల వరస చూసుకోవల్ల అప్పా," అని మీకు చూపిస్తాడు అన్న. ముందు నుంచి చూస్తే గ్రౌండు, సప్లై, అవుట్‌పుట్. ఇదే ఆకారంలో వేరే నంబరుతో వచ్చేవాటికి వరస వేరు. రూపం చూసి బిగిస్తే కరెంటిచ్చిన క్షణమే పని అయిపోతుంది. అయిదు వోల్టులకు 7805 రెగ్యులేటరు, సప్లై కాలికి ముందు వంద ఓములు, పక్కనే 4.7 మైక్రోఫారడ్ కెపాసిటరు. అవుట్‌పుట్‌కు తాత్కాలికంగా ఒక ఎర్ర ఎల్ఈడీ. వెంటనే పక్కింటి నుంచి అరువు తెచ్చిన టీవీ రిమోటు ఎదురుగా నొక్కుతాడు. ఎల్ఈడీ గబగబా మినుకుతుంది. కన్ను బాగుంది.

ఇప్పుడు వెలుగు. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీని ట్రాన్సిస్టరుకు తగిలించి స్విచ్చి వేస్తే మీకేమీ కనబడదు. ఫోనులో సెల్ఫీ కెమెరా తెరిచి దాని ముందు పెట్టండి. తెర మీద లేత ఊదా చుక్క. వెనక కెమెరాలో కనబడకపోవచ్చు, అందులో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది. ఎరుపు రంగు అయిపోయిన చోట థర్మామీటరు పెట్టి, కనిపించని వేడి ఉందని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. ఆ వెలుగు ఇవాళ మీ అరచేతిలో ఊదా చుక్క.

అన్న ఒక తమాషా చూపిస్తానంటాడు. రెండో 555 ఇంకా కలపలేదు. 38 కిలోహెర్ట్జ్ వెలుగును ఆపకుండా రిసీవరు మీదికి తిప్పుతాడు. ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. వెలిగి, మీరు చూస్తుండగానే సన్నగిల్లి ఆరిపోయింది. వెలుగు అలాగే ఉంది, ఊదా చుక్క ఫోనులో కనబడుతూనే ఉంది. రిసీవరు మాత్రం దాన్ని పట్టించుకోవడం మానేసింది.

"పిండిమర పక్కన కాపురముండేటోనికి మర చప్పుడు యాడ ఇనపడతాది?"

సరిగ్గా అదే. టీసాప్ లోపల తనంతట తాను చెవి తగ్గించుకునే ఏర్పాటుంది. రిమోటు సంకేతం ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే వస్తుంది. ఎడతెరిపి లేకుండా వచ్చేదేదైనా అది రొద కిందే లెక్క. ఇంట్లో సీఎఫ్ఎల్ బల్బు ఇలాంటి రొదే చేస్తుంది. కాబట్టి వెలుగును కోసి పంపాలి. రెండో 555 పని అదే. మొదటిదాని రీసెట్ కాలు, అంటే నాలుగో కాలు పట్టుకుని అర మిల్లీసెకను వదులుతుంది, రెండు మిల్లీసెకన్ల పైచిలుకు ఆపుతుంది. 555 మామూలుగా కడితే ఆన్ కాలం ఆఫ్ కంటే ఎక్కువే వస్తుంది గనక పెద్ద రెసిస్టరు మీదుగా ఒక చిన్న డయోడు దాటిస్తాడు. 6.8 కిలోఓములు ఒక పక్క, 33 ఒక పక్క. స్విచ్చి వేస్తే ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. ఈసారి ఆరలేదు. మామ టీ చెప్పి తెప్పించి, తాగి, గ్లాసు కింద పెట్టేదాకా ఆరలేదు.

దీంట్లో ఇంకో లాభముంది. వెలిగే విడత మొత్తం కాలంలో ఆరో వంతే, పైగా ఆ విడతలోనూ ఎల్ఈడీ వెలిగేది సగం సేపే. కాబట్టి వెలిగిన క్షణంలో వంద మిల్లీఆంపులు పారించినా సరాసరి పది లోపే. ట్రాన్స్‌మిటరు మొత్తం ముప్పై మిల్లీఆంపుల లోపు తింటుంది. పన్నెండు వోల్టుల ఏడు ఆంపియర్ అవర్ బ్యాటరీ ఎండ లేకున్నా వారం దాటి లాగుతుంది, పైన చిన్న సోలార్ పలక ఉంటే అడగనక్కర్లేదు.

రిసీవరు వైపు మరో రెండు 555లు. సెకనుకు మూడు వందల పైచిలుకు సంకేతాలు వస్తున్నంతకాలం మూడో 555 కెపాసిటరు నిండకముందే పక్కనున్న బీసీ 557 ట్రాన్సిస్టరు దాన్ని ఖాళీ చేస్తూ ఉంటుంది. సంకేతం ఆగితే కెపాసిటరు నిండుతుంది, అవుట్‌పుట్ పడిపోతుంది. నాలుగోది దాన్ని పట్టుకుని కనీసం అర నిమిషం రిలే వేస్తుంది, రిలే హూటరును మోగిస్తుంది. తెగింది తెగినట్టే ఉంటే హూటరూ మోగుతూనే ఉంటుంది.

ఇక్కడే మామ కుక్క సమస్య తేలాలి. సంకేతం ఎంతసేపు ఆగితే ఆగినట్టు? వంద కిలోఓములు, ఒక మైక్రోఫారడ్ పెడితే పదో వంతు సెకను పైచిలుకు. షాపు గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టి చూస్తారు. మామ తన చెప్పు తీసి అడ్డంగా విసురుతాడు. మోగలేదు. ఎగిరే మిడత, రాలే ఆకు, చెప్పు అన్నీ ఒకటే, దానికి పట్టవు. అన్న నడిచి దాటగానే హూటరు గుయ్యిమంది, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. పక్కింటి పిల్లవాడు, రిమోటు కోసం వచ్చినవాడు, "నేను ఉరుకుతా అన్నా" అని రయ్యిన దూరాడు. మోగలేదు. వాడు అవతల నిలబడి నవ్వుతున్నాడు. సన్నటి ఒళ్లు, పరుగు, పదో వంతు సెకనులో దాటేశాడు. అన్న వంద తీసి నలభై ఏడు కిలోఓములు అతికించాడు. మళ్లీ ఉరికాడు, మోగింది. మళ్లీ చెప్పు, మోగలేదు.

"దొంగ రిమోటు తెచ్చుకుంటే?" అని వాడే అడిగాడు. ప్రశ్న మంచిదే. దగ్గర నుంచి నొక్కి పట్టుకుంటే రిసీవరును కాస్త మాయ చేయొచ్చు.

"అంత తెలివుంటే కేబులెందుకు కోస్తాడురా," అన్నాడు మామ.

గుమ్మంలో బాగా పనిచేసింది కదా అని గది లోపల పెట్టి చూస్తే వింత. మీరు సరిగ్గా నడుమ నిలబడ్డారు, అయినా మోగదు. పక్కకు జరిగారు, మోగదు. వెలుగు మీ ఒంటికి తగిలి ఆగింది, మిగతాది సున్నం కొట్టిన గోడకు తగిలి, అటు నుంచి చుట్టు తిరిగి రిసీవరు దగ్గరికి చేరింది. టీసాప్‌కు అంత తుంపర చాలు. కొత్తగా చేసేవాళ్లంతా వెలుగు చాలదని భయపడతారు. నా లెక్కలో ఎక్కువైన వెలుగే ఎక్కువ మందిని ముంచింది, ఎందుకంటే అది బయటికి తెలియదు. ఎర్ర ఎల్ఈడీ నిక్షేపంలా వెలుగుతూనే ఉంటుంది. అన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీకి వరసగా ఉన్న వంద ఓముల చోట 470 పెట్టి వెలుగు తగ్గించాడు, రిసీవరుకు గొట్టం తొడిగాడు. అప్పుడు గాని మీరు అడ్డమైనట్టు దానికి తెలియలేదు.

గొట్టం సంగతి కొంచెం చెప్పాలి. నల్ల ప్లాస్టిక్ గొట్టం చేతికందేలా ఉన్నా అన్న దాన్ని ముట్టలేదు. మన కంటికి నల్లగా ఉన్నదంతా ఇన్‌ఫ్రారెడ్‌కు నలుపు కాదు. టీసాప్ గుళికనే చూడండి, మీకు నల్లరాయి, ఆ వెలుగుకు అద్దం కిటికీ. పల్చటి తెల్ల పీవీసీ కూడా నమ్మరానిదే. అందుకే జానెడు ఇనుప పైపు ముక్క కోసి, లోపల మసి పట్టించి వాడతాడు.

సాయంత్రం నాలుగున్నర. బండి దిగితే పొలంలో ఎండ ఇంకా మొహాన కొడుతోంది. గాలి ఒక తీరున లేదు, ఒక్కో తెర ఇసుక తెస్తుంది. హగరి నది వెంట ఇసుక మేటలున్న నేల ఇది, పక్క బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు దిబ్బలే లేచాయి. పళ్ల మధ్య కరకరమంటుంది. బోరు చుట్టూ మామ ఇదివరకే రాతి కూసాలు పాతి ఉంచాడు, ముప్పై అడుగుల ఎడం. కట్టె గుంజలైతే గాలికి ఊగి గురి తప్పేవి, రాయికి ఆ బెంగ లేదు. మళ్లీ వంద ఓములు వచ్చి చేరాయి, ముప్పై అడుగులకు అది కావాలి.

అన్న ముందు కావాలనే రిసీవరును పడమటికి తిప్పి కడతాడు. "చూడప్పా." గొట్టంలోకి వాలు ఎండ నేరుగా దూరింది. ఎర్ర ఎల్ఈడీ తడబడుతోంది, హూటరు మోగి ఆగి మోగుతోంది. ఎండ 38 కిలోహెర్ట్జ్‌లో కొట్టుకోకపోయినా, అంత వెలుగు ఒక్కసారి మీద పడితే లోపలి డయోడుకు ఊపిరాడదు, సన్నటి సంకేతం ఆ రొదలో మునిగిపోతుంది. ఇప్పుడు విప్పి, దక్షిణపు కూసానికి కట్టి, ఉత్తరానికి తిప్పాడు. హూటరు ఆగింది. ఎల్ఈడీ నిలకడ. ఉత్తరం చూసే గొట్టంలోకి ఇక్కడ పొద్దు ఏ నెలలోనూ దూరదు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా జరిగినా అంత పైనుంచి అడ్డంగా ఉన్న గొట్టంలోకి తొంగిచూడలేడు.

గురి పెట్టడం ఇద్దరి పని. మీరు ట్రాన్స్‌మిటరు డబ్బా పట్టుకుని వెంట్రుకవాసి ఎడమకు, కుడికి తిప్పుతారు. అన్న అటు నుంచి కేక వేస్తాడు. "ఆరిపాయ… వచ్చె… ఇంగొంచెం… ఆఁ, అట్లే పట్టుకో!" మధ్యలో ఆపకుండా రెండు వైపులా ఆరిపోయే చోట్లు సుద్దతో రాయి మీద గీసి, వాటి నడిమికి బిగిస్తారు. తర్వాత ఇంకో పరీక్ష. పిడికెడు దుమ్ము తీసి ఎల్ఈడీ మొహానికే పూశాడు. వెలుగు తగ్గింది, అయినా నిలబడింది. ఆషాఢం గాలికి రోజూ జరిగేది ఇదే, ఇంత మిగులు లేకపోతే నెల తిరక్కుండా దొంగ లేకుండానే మోగుతుంది.

చీకటి పడుతుండగా మామ అడుగుతాడు, "వాడు ముందు ఈ డబ్బా తీగే కోస్తే?"

"కోసుకోనీ. ఎలుగు పోతే మోగుతాది."

ఈ సర్క్యూట్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ట్రాన్స్‌మిటరు బ్యాటరీ అయిపోయినా, దాని డబ్బా పగిలినా, గూడు పెట్టిన సాలీడు వెలుగును మూసినా అది అరుస్తుంది. నోరు మూసుకుని చచ్చే కాపలా కాదు. లోటు రిసీవరు వైపే, ముఖ్యంగా హూటరు తీగ. అందుకే రిసీవరు డబ్బా నుంచి తీగను మట్టిలో పూడ్చి, హూటరూ దాని బ్యాటరీ రెండూ వేపచెట్టు మీద అందనంత ఎత్తున కట్టారు. మామ రాత్రి తనే మోటారు దగ్గరికి రావలసొస్తే ఆపడానికి ఒక స్విచ్చి ఉంది. అదెక్కడుందో మీకూ నాకూ అనవసరం.

వెలుగు నడుము ఎత్తున పోతోంది. మామ కుక్క ఈ కూసం నుంచి ఆ కూసానికి తోక ఊపుకుంటూ కిందుగా దాటింది. హూటరు మాట్లాడలేదు. మామ మొహంలో మొదటిసారి నవ్వు. వెంటనే నవ్వు ఆపి, లుంగీ ఎగగట్టి, కుక్క వెనకే నాలుగు కాళ్ల మీద పాక్కుంటూ ఆయన కూడా దాటాడు. మోగలేదు.

లేచి మోకాళ్ల మన్ను దులుపుకుంటూ, "ఇట్ల వస్తే ఏం జేస్తావ్ అల్లుడూ?" అన్నాడు.

"మోకాలెత్తున ఇంగొకటి పెడ్తా. రెండూ ఒకేపారి తెగితేనే మోగేటట్ల చేస్తే కుక్కకు మోగదు, పాకేటోనికీ మోగదు. యాదొకటి తెగినా మోగేటట్ల చేస్తే కుక్కకు మోగుతాది. యాది కావాలో నువ్వే చెప్పు."

మామ కుక్క వైపు చూశాడు. "రాత్రిళ్లు దీన్ని ఇంటికాడ కట్టేస్తాలే."

"అడవిపందులను?"

"అవి వచ్చినా మోగనీ. ఎట్లా తరమాల్సిందే కదా."

అయితే పని తేలికే. కింది జోడును పైదానికి తిరగేసి పెట్టాలి, ట్రాన్స్‌మిటరు దక్షిణపు కూసానికి, రిసీవరు ఉత్తరానికి. లేకపోతే పైనున్న ఎల్ఈడీ వెలుగే కిందికి జారి కింది కన్నును మోసం చేస్తుంది. కింది రిసీవరు దక్షిణం చూస్తుంది గనక మార్గశిరంలో వాలు పొద్దు కొంత ఇబ్బంది పెట్టొచ్చు, ఎటూ పగలు ఆపే ఉంచుతారు కాబట్టి ఫర్వాలేదు. అన్న ఫోను వెలుగులో చీటీ మీద రాస్తున్నాడు. 555లు నాలుగు, టీసాప్ ఒకటి, ఇనుప పైపు జానెడు.

"రిలే ఇంగొకటి పనిలేదు, ఉన్నదానికే కలుపుతా," అన్నాడు. "రేపు బళ్లారికి ఎవురన్నా పోతాండారేమో కనుక్కో మామా. టీసాప్ 1738 అని సరిగ్గా చెప్పు, యాదో ఒకటి ఇస్తే తీసుకోవద్దను."